బరాత్ లేని రోజు శనగలు

మొన్న బుధవారం సాయంత్రం ఉప్పల్‌లో మందులు కొనుక్కుని ఆటోలో నాచారం వస్తుంటే, మెట్రో స్తంభాల కింద పెళ్ళి బరాత్ ఒకటి అడ్డం వచ్చి బండ్లన్నీ ఆగిపోయాయి. ఆటో అబ్బాయి విసుక్కుంటున్నాడు గానీ, నేను మాత్రం ఆ లైట్లనీ, చెవులు చిల్లులుపడే బ్యాండునీ వదిలేసి, పెళ్ళికొడుకు ఎక్కిన తెల్లగుర్రం పొట్టకేసి వంగి చూస్తున్నాను. ఆడగుర్రమే. జరీ గుడ్డ కింద డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి, పొదుగు మాత్రం నిండుగా ఉంది. బరాత్ చూస్తే నా వయసు వాళ్ళకు ఎవరి పెళ్ళి వాళ్ళకు గుర్తొస్తుంది కాబోలు, నాకు శనగలు గుర్తొస్తాయి.

మేము నాచారంలో కాపురం పెట్టిన కొత్తలో, అద్దె ఇంటి వెనక గోడ అవతల రేకుల షెడ్డులో, పెళ్ళిళ్ళకు గుర్రాలు తోలే కుటుంబం ఉండేది. ఒక అవ్వ, ఆమె కొడుకు, రెండు గుర్రాలు. మావారికి ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగం. కృష్ణా జిల్లాలోని పుట్టింట్లో పురుడు పోసుకుని, ఐదో నెలలో పాపనెత్తుకుని నేను తిరిగొచ్చాక, ఆయన డ్యూటీకి వెళ్ళింది మొదలు మళ్ళీ తలుపు చప్పుడయ్యేదాకా మాట్లాడటానికి పాప తప్ప ఎవరూ లేరు, పాపకేమో ఇంకా మాటలు రావు. ఇక్కడి మాట నాకు సగమే అర్థమయ్యేది, నా మాట విని పక్కవాళ్ళు నవ్వుకునేవారు, నాకూ బింకం ఎక్కువే. ఒక్కదానికోసం ఏం వండుకుంటాంలే అని మధ్యాహ్నం ఇంత అన్నంలో మజ్జిగ పోసుకునేదాన్ని, ఒక్కోరోజు అదీ ఉండేది కాదు.

పాపకు పాలిస్తూ పెరటి కిటికీ దగ్గర కూర్చుంటే, గోడ అవతల తెల్లగుర్రం కూడా తన పిల్లకు పాలిస్తూ నిలబడి కనిపించేది. పిల్ల నిగనిగలాడుతూ ఉండేది గానీ తల్లికి పక్కటెముకలు బయటపడి, తుంటి ఎముకలు పొడుచుకొచ్చి, చూడటానికే భయమేసేది. అవ్వ కొడుకు చెడ్డవాడేం కాదు, రోజూ దానికి ఒళ్ళంతా మాలిష్ చేసేవాడు. కానీ వాళ్ళ వృత్తిలో ఒక పద్ధతి ఉండేది. బరాత్‌కు వెళ్ళిన రోజునే నానబెట్టిన శనగలు, ఖాళీగా ఉన్న రోజు ఎండుగడ్డి. పనిలేని గుర్రానికి గింజ పెడితే పొగరెక్కి పెళ్ళికొడుకును కింద పడేస్తుందని వాళ్ళ భయం. పిల్ల పుట్టినప్పటి నుంచి తల్లి బరాత్‌లకు పోవటం లేదు, కనుక శనగలూ లేవు. పెళ్ళిళ్ళ సీజను వచ్చేలోగా అది కోలుకోకపోతే దాన్నొక్కదాన్నే అమ్మేసి, పిల్లకు పోతపాలు పడతానని కొడుకు అన్నాడనీ, అట్లాంటి పిల్లలు బతికేది తక్కువనీ ఒకరోజు అవ్వ గోడ మీదుగా నాతో చెప్పుకుని బాధపడింది. ఆ రోజు పాపను ఒళ్ళోంచి దించబుద్ధి కాలేదు.

అలా మొదలైంది, కొడుక్కి తెలియకుండా, మా శనగల వ్యవహారం. నేను గిన్నెడు నానబెట్టి గోడ మీదుగా అందిస్తే, ఒక్కసారే ఇన్ని పెట్టకూడదని అవ్వ ఒక్క గుప్పెడు తీసుకుని మిగతావి తిరిగిచ్చింది. తర్వాత అవ్వ పిలిపిస్తే ఉప్పల్ నుంచి వచ్చిన పశువుల డాక్టరూ ఆమె మాటే అన్నాడు. కడుపులో పురుగులకు మందు వేసి, జబ్బేమీ లేదనీ, తిన్నదంతా పాలకే పోతోందనీ, పచ్చగడ్డి ఎప్పుడూ ముందుండాలనీ, గింజ మాత్రం కొద్దికొద్దిగా పెంచాలనీ, ఒక్కసారిగా పెడితే కడుపునొప్పితో ప్రాణం మీదికొస్తుందనీ చెప్పి వెళ్ళాడు. ఇక నా రోజుకు ఒక రూపం వచ్చింది. పాపకు స్నానం కాగానే ఒక విడత, మధ్యాహ్నం ఒకటి, దీపాల వేళకు ఒకటి. మావారు షిఫ్టు దిగి స్కూటరు వెనక గడ్డిమోపు కట్టుకుని వచ్చేవారు. ఇంట్లో ఎవరికని తోటివాళ్ళు ఆటపట్టిస్తే మా ఆవిడకని చెప్పేవారట.

ఒకనాడు కొడుకు చూడనే చూశాడు, పని చేయని దానికి ఇన్ని శనగలేమిటని తల్లి మీద లేచాడు. అవ్వ తాపీగా అంది.

“పాలిచ్చుడు పని గాదార? నువ్వు నా సంకల ఉన్నప్పుడు నేను ఖాళీగ కూసున్ననా?”

 మర్నాటి నుంచి అతనూ నానబెట్టాడు. ఆ రోజు అతను అటు వెళ్ళగానే అవ్వ ఇటు తిరిగి, గోడ మీద ఉన్న నా చేతి మణికట్టు పట్టుకుని చూసి, “దానికైతే మంచిగ పెడ్తున్నవ్. మరి నువ్వేం తిన్నవ్ బిడ్డా?” అని అడిగింది. నాకు ఏడుపొచ్చేసింది. పుట్టిల్లు వదిలాక ఆ మాట అడిగినవాళ్ళు లేరు. ఆ మధ్యాహ్నం నుంచి నా శనగల గిన్నె జొన్నరొట్టె, పప్పుతో తిరిగొచ్చేది.

గుర్రానికి మెల్లగా కండ పట్టింది. ముందు మెడ నిండింది, తర్వాత తుంటి ఎముకలు కనుమరుగయ్యాయి. సీజనుకు అది మళ్ళీ బరాత్‌కు వెళ్ళింది, అమ్మకం మాట ఎవరూ ఎత్తలేదు. పిల్ల పాలు మరిచాక వాళ్ళు జాగా సరిపోవటం లేదని అన్నోజిగూడ వైపు తరలిపోయారు. చూడటానికి వస్తానన్నాను, సంసారంలో పడి వెళ్ళనేలేదు. కొన్నాళ్ళు మధ్యాహ్నమయ్యేసరికి కాళ్ళు వాటంతటవే గోడ దగ్గరికి నడిచేవి.

మొన్న బరాత్ కాస్త కదిలి, కళ్ళెం పట్టుకున్నతను నా ఆటో పక్కకు వచ్చినప్పుడు, దీని పిల్ల ఏదని అడిగాను. ఇంటికాడ ఉందన్నాడు. శనగలు పెడుతున్నావా అన్నాను.

“ఇయ్యాల పెడ్తనమ్మా, బరాత్ ఉన్నది గద.”

అవ్వ మాట నోటిదాకా వచ్చింది గానీ, ఇంతలో బ్యాండు అందుకుంది, అతను వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి ఫ్రిజ్ తెరిస్తే మజ్జిగ గిన్నె, పొద్దుటి అన్నం ఉన్నాయి. మావారు పోయాక నేనొక్కదాన్నే. అమ్మాయి నాగారంలో ఉంటుంది, తన ఉద్యోగం తనది, ఆదివారం వస్తుంది. ఆ రోజు పప్పు, వేపుడు, పులుసు అన్నీ చేస్తాను. మిగతా రోజులు ఒక్కదానికోసం ఏం వండుకుంటాంలే. తీయబోయిన మజ్జిగ గిన్నెను మళ్ళీ లోపలే పెట్టేశాను. నాకు నేనూ బరాత్ ఉన్న రోజే పెట్టుకుంటున్నాను.

బుధవారం, ఎవరూ వచ్చేది లేదు. అయినా గుప్పెడు శనగలు నానబోశాను. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ గోడలు చాలా ఎత్తు, అవతల ఎవరుంటారో నాకు తెలియదు, నేనేం తిన్నానో వాళ్ళకూ తెలియదు.