నాకు చెప్పకుండా పొడిచిన సూదులు

ఆ డాక్టరు పోయి చాలా ఏళ్లయింది. పోయినవాళ్ల మీద కోపం పెట్టుకోకూడదని అందరూ అంటారు. నేను పెట్టుకున్నాను.

అరవైల ఆఖరు రోజులవి. చీపురుపల్లికి మూడు మైళ్ల దూరంలో ఉన్న ఊళ్లో నేను ఎలిమెంటరీ బడి పంతులమ్మని. ఇరవై ఆరేళ్లు. నా భర్త మా మేనమామ కొడుకే, పెళ్లయ్యాకా బావ అనే పిలుస్తాను; గోగునార మిల్లులో గుమాస్తా. ఆ ఏడు వానలు మొదలైన దగ్గర్నుంచి నన్ను దగ్గు పట్టుకుంది. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. ఒకరోజు క్లాసులో నల్లబల్ల తుడుస్తూ దగ్గితే చేతిరుమాలులో నెత్తురు పడింది. చీపురుపల్లి డాక్టరు నన్ను విజయనగరం పంపి ఎక్స్‌రే తీయించి, క్షయ అని తేల్చాడు. మూడు నెలలు రోజూ ఒక స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షను, దాంతోపాటు గుప్పెడు మాత్రలు. బడికి సెలవు పెట్టాను. నాకు తోడుగా అమ్మ వచ్చింది.

మందు పనిచెయ్యలేదని నేను అనను. నెల తిరిగేసరికి జ్వరం పోయింది, దగ్గు తగ్గింది, అన్నం సయించింది. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం నాకు తేలిక.

ఐదో వారంలో చెవుల్లో మోత మొదలైంది. సన్నగా, ఎడతెరిపి లేకుండా, రైలు బ్రేకు వేస్తే చక్రాలు కీచుమన్నట్టు. కాంపౌండరుతో చెబితే నీరసం, గుడ్లు తినమన్నాడు. బావని వెంటబెట్టుకు వెళ్లి డాక్టరుతో చెప్పాను. ఆయన చీటీ రాస్తూ, తల కూడా ఎత్తకుండా, జబ్బు మనిషికి వంద వినిపిస్తాయనీ, చదువుకున్నదాన్ని అలాంటివి పట్టించుకోకూడదనీ అన్నాడు. నాకు సిగ్గేసింది. పట్టించుకోవడం మానేద్దామనుకున్నాను. ఆ రోజు సిగ్గుపడ్డందుకు ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

తర్వాతి ఆదివారం అమ్మ నాకు తలంటు పోస్తోంది. కుంకుడురసం కళ్లలో పడుతుందని కళ్లు మూసుకున్నాను. అంతే, నేల ఎటుందో తెలియలేదు. పీట మీద నుంచి పక్కకి ఒరిగి, నీళ్ల గోలెం అంచుకి కణత కొట్టుకున్నాను. స్పృహ తప్పిందని అమ్మ ఏడ్చింది. స్పృహ తప్పలేదు. కళ్లు తెరిచి చూస్తే నేల ఉంది, మూస్తే లేదు, అంతే తేడా.

మర్నాడు మా బావ భుజం పట్టుకుని, కాళ్లు ఎడంగా వేసుకుంటూ డాక్టరు దగ్గరికి బజారులో నడిచాను. తాగినట్టుందని ఎవరో నవ్వారు. డాక్టరు నా కణత మీద దెబ్బ చూశాడు, రక్తం తక్కువన్నాడు, ఒక టానిక్కు రాశాడు. ఆ రోజు సూది కూడా వేయించి పంపాడు.

ఏడో వారంలో మా బడి నుంచి అయిదో తరగతి ఆడపిల్లలు నలుగురు జామకాయలు పట్టుకుని నన్ను చూడవచ్చారు. అరుగు మీద వరసగా కూర్చుని మాట్లాడుతున్నారు. పెదాలు కదులుతున్నాయి. లోపల అమ్మ బిందె దించిన చప్పుడు వినిపించింది, వీధిలో ఎద్దుబండి వినిపించింది, ఆ పిల్లల గొంతులు మాత్రం లేవు. నేను తలూపుతూ కూర్చున్నాను. ఒక పిల్ల ఏదో అడిగి జవాబు కోసం చూసింది. నేను మళ్లీ తలూపాను. వాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు.

వాళ్లు వెళ్లాక మా బావతో రేపట్నుంచి సూది వేయించుకోనని చెప్పాను. ఆయన లేచి వీధితలుపు దగ్గరగా వేశాడు. తర్వాత నా కుడిచెవి దగ్గరికి వచ్చి గట్టిగా చెప్పాడు.

"డాక్టరు ముందే సెప్పినాడు."

"ఏటి సెప్పినాడు?"

"ఈ సూది కొంతమందికి సెవుల మీద పని సేస్తాదట. తల తిరుగుతాదట. నీకు తెలిస్తే బెదిరిపోయి మానేస్తావు, మానేస్తే బతకవు, సెప్పొద్దన్నాడు."

"సెవుల్లో మోత వస్తన్నాదని నేను సెప్పిన్రోజు? నువ్వు పక్కనే ఉన్నావు కదా బావా."

బావ అక్క ఇదే జబ్బుతో, ఏ మందూ అందక పోయింది. ఆ భయం నాకు తెలుసు. తెలిసినా నాకు జాలి కలగలేదు. ఇద్దరు మగవాళ్లు కూర్చుని నా చెవుల సంగతి మాట్లాడుకున్నారు. ఆ చెవులున్న మనిషి గోడ అవతల బెంచీ మీద వంతు కోసం కూర్చునుంది.

పొద్దున్నే అమ్మని తీసుకుని విజయనగరంలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ రెండు కొమ్ముల ఇనప కడ్డీని మోగించి నా చెవుల దగ్గర పెట్టింది. పాదాలు చేర్చి, కళ్లు మూసుకుని నిలబడమంది. పడబోతే పట్టుకుంది. తర్వాత కాగితం తీసుకుని రాసింది: సూది ఈ రోజే ఆపాలి, వేరే మాత్రలున్నాయి, వాటితోనూ జబ్బు నయమవుతుంది. పోయిన వినికిడి తిరిగి రాదా అని అడిగాను. రాదని రాసింది. మోత మొదలైనప్పుడే ఆపి ఉంటే అని అడిగాను. ఇంత పోయేది కాదు, అని రాసింది.

ఆ కాగితం పట్టుకుని తిన్నగా చీపురుపల్లి డాక్టరు గదిలోకి వెళ్లాను. ఆయన చదివి మడతపెట్టి ఇచ్చేశాడు. అమ్మ వైపు తిరిగి గట్టిగా మాట్లాడాడు. నాకు వినిపించింది.

"ప్రాణం నిలబెట్టానమ్మా. మీ అమ్మాయికి ప్రాణం కావాలా, చెవులు కావాలా?"

"ఆ మాట మొదటిరోజే నన్ను అడగవలసింది," అన్నాను. "ప్రాణమే అనేదాన్ని. మోత వస్తోందని చెప్పినరోజు మళ్లీ అడగవలసింది. మందు మార్చమనేదాన్ని."

ఆయన గంట కొట్టి తర్వాతి మనిషిని పిలిచాడు.

క్షయ నయమైంది. ఎడమచెవి దాదాపు పోయింది, కుడిచెవి సగం మిగిలింది. ఏదో ఒకదాని మీద చూపు నిలిపి అడుగు వెయ్యడం పొలం గట్ల మీద అమ్మ చెయ్యి పట్టుకుని నేర్చుకున్నాను. పగలు బాగానే నడిచేదాన్ని, చీకట్లో గోడ కావాలి. బడిలో పిల్లల్ని అర్ధచంద్రంగా కూర్చోబెట్టి, మాట్లాడేవాళ్లు లేచి నా మొహం చూసి మాట్లాడాలని నియమం పెట్టాను. ఇన్‌స్పెక్టరు వచ్చి చెవిటి పంతులమ్మ ఎందుకన్నాడు. పిల్లల్ని ఎక్కాలు అడిగి చూసి, పుస్తకంలో సంతకం పెట్టి వెళ్లాడు.

ప్రాణం దక్కింది, అదే పదివేలని చుట్టాలంతా అనేవారు. ఆ మాట అన్నవాళ్లతో నేను మాట్లాడడం తగ్గించాను.

బావతో సరిగ్గా మాట్లాడడానికి ఏడాది పట్టింది. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరు ఆ సూది మొదలుపెట్టారని విన్నా వాళ్లింటికి వెళ్లేదాన్ని. మానేయమని ఎవరికీ చెప్పలేదు. చెవిలో మోత వచ్చినా, కళ్లు మూస్తే తూలినా ఆ పూటే విజయనగరం వెళ్లమని చెప్పేదాన్ని. రోగుల్ని బెదరగొడుతున్నానని డాక్టరు మా బావని దారిలో ఆపి, నన్ను అదుపులో పెట్టుకోమన్నాడట.

ఆ సాయంత్రం బావ నా ఎదురుగా కూర్చుని, నాకు పెదాలు కనపడేలా నెమ్మదిగా చెప్పాడు.

"దాన్ని సెప్పనీండి అన్నాను. నేను సెప్పకే కదా ఇంత సేసినాను అన్నాను."