కొలను గట్టున పిలుపు

దసరా సెలవులకు వర్క్‌షాపు మూతపడగానే ఖరగ్‌పూరు మీద ఒక నిశ్శబ్దం దిగేది. ఏడాది పొడుగునా ఇనుము మీద ఇనుము మ్రోగే చప్పుడులో బ్రతికిన చెవులకు ఆ నిశ్శబ్దం విశ్రాంతిగా తోచేది కాదు. ఇంట్లో ఉండవలసినవారెవరో లేనట్లు తోచేది. అరవైల నడుమ ఒక దసరాకు, ఆ వెలితిని పూడ్చడానికే అన్నట్లు, రైల్వే మైదానంలో పెద్ద కార్నివాల్ వచ్చి దిగింది. జెయింటు వీలు, కొయ్యగుర్రాల రంగులరాట్నం, గోడ మీద మోటారు సైకిలు తిరిగే మృత్యుకూపం, అద్దాల మహలు. ఆ వార్త రైలు పట్టాల వెంట శ్రీకాకుళం దాకా పోయింది. తెలుగు క్వార్టర్లన్నీ పాసుల మీద వచ్చిన చుట్టాలతో నిండిపోయాయి.

మా ఇంటికి పిన్ని వచ్చింది. మా అమ్మకు తోడబుట్టిన చెల్లెలు. ఆమె భర్త నాగావళి ఒడ్డున ఒక చిన్న స్టేషనులో ఉద్యోగి. ఆయనకు సెలవు దొరకలేదు. పిన్ని వెంట పదేళ్ళ కూతురు వచ్చింది. రావలసిన కూతుళ్ళు ఇద్దరు. పెద్దపిల్ల అంతకు రెండేళ్ళ క్రితం వరద రోజులలో రేవులో కొట్టుకుపోయింది. ఎంత వెదికినా దేహం దొరకలేదు.

మా అమ్మ పుట్టింటి ఆడవారికి ఒక ఆచారం ఉండేది. నది కానీ చెరువు కానీ, పిల్లలతో నీటి దగ్గర కూర్చున్నవారు లేచి వెళ్ళేముందు, పెద్దవారితో మొదలుపెట్టి పిల్లలందరినీ పేరుపేరునా పిలవాలి. పిలిచిన ప్రతి పిల్లా “వస్తన్నాను” అని పలకాలి. ఒక్క పేరుకు బదులు రాకపోయినా నీటికి వీపు చూపి అడుగు వేయరాదు. పలకనివారు నీటిలో ఉండిపోతారని వారి నమ్మకం. నేను చదివిన ధర్మశాస్త్రాలలో ఈ మాట ఎక్కడా కానరాలేదు. ఆ సంగతి ఒకసారి అమ్మతో అంటే, “శాస్త్రాలు రాసినోలు పిల్లల్ని రేవుకి తీసుకెల్లేరేటిరా?” అన్నది. ఆ వరద రోజున పిన్ని పిలవలేదు. వాన ముంచుకు వస్తూండగా, పిల్లలిద్దరూ ముందు నడుస్తున్నారనుకుని తడిబట్టల మూట ఎత్తుకుని గబగబా ఇంటికి నడిచింది.

కార్నివాల్ విషయమై అమ్మ ఒక కట్టడి చేసింది. “ఒక రోజు తిరగాల, మర్నాడు కాల్లు సాపుకోవాల. రోజూ ఆ సక్రమెక్కితే బుర్ర కూడా సక్రమే అయిపోద్ది.”

“బావగారు ఎక్కరేటే అప్పా?” అని పిన్ని అడిగింది.

“మీ బావగారెక్కితే సక్రం తిరగదు. కింద నిలబడిపోద్ది. ఆయన్ని ఇంటికాడే ఉండమన్నాను.”

పిన్ని నవ్వలేదు. పిల్ల నవ్వింది.

ఆ విశ్రాంతి దినాలు గడపడానికి అమ్మ ఎంచుకున్న చోటు ఈతకొలను. ఒకప్పుడు తెల్లదొరల కోసం కట్టిన కొలను అది. మా కాలానికి మధ్యాహ్నం పూట ఉద్యోగుల కుటుంబాలను రానిచ్చేవారు. చుట్టూ నిద్రగన్నేరు చెట్లు. వాటి నీడలో సిమెంటు బల్లలు. ఒక వైపు నీరు పిల్లల నడుము దాటదు. రెండవ వైపు లోతు. అక్కడ ఇనుప నిచ్చెన, పైన దూకుడు పలక. పండుగ రోజులు కావడం చేత జనమంతా పూజా పందిళ్ళలో ఉండేవారు. కొలను దగ్గర మేమూ, ఒక ముసలి బెంగాలీ కావలివాడూ తప్ప తరచు ఎవరూ ఉండేవారు కారు. అమ్మ పులిహోర గిన్నె విప్పేది. నేను గేటు బయట కారం కలిపిన మరమరాల ఝాల్‌ముడి కొని తెచ్చేవాడిని. పిన్ని ఏదీ ముట్టకుండా నీటిని చూస్తూ కూర్చునేది. నదిని చూసిన కళ్ళకు ఆ కదలని నీరు ఎలా కనిపించేదో నేను ఊహించలేను.

మొదటి విశ్రాంతి దినాన, పొద్దు చెట్ల వెనుకకు వాలాక, పిన్ని లేచి గట్టు అంచున నిలబడి పిలిచింది. ముందుగా పిలిచింది పోయిన పిల్ల పేరు.

నా చేతిలోని కాగితపు పొట్లం చేతిలోనే ఉండిపోయింది. అమ్మ నా మోచేయి పట్టుకున్నది. అప్పుడు నీటిలోంచి బదులు వచ్చింది. “వస్తన్నానమ్మా.” సన్నగా, చివర కాస్త సాగదీసినట్లున్న గొంతు. ఆ గొంతును నేనెరుగుదును. పెద్దపిల్ల అలాగే పలికేది.

పిన్ని తృప్తిగా తల ఊపి రెండవ పేరు పిలిచింది. “వస్తన్నాను” అని ఈసారి మోటుగా, పొట్టిగా బదులు వచ్చింది. రెండు గొంతులూ ఒక్క నోటినుంచే వచ్చాయి. కొలనులో ఉన్నది ఒక్క పిల్ల. అది తల తుడుచుకుంటూ మెట్లెక్కి మాతో నడిచింది. పిన్ని దాని చేయి ఒక చేత పట్టుకుని, రెండవ చేతిని కొంచెం ఎడంగా, వేళ్ళు వదులుగా ముడిచి నడిచింది.

మర్నాడు ఉదయం పెరట్లో ఆ పిల్ల ఒక్కతే దొరికితే అడిగాను.

“పలక్కపోతే అమ్మ కదలదన్నయ్యా,” అన్నది. “ఊర్లో ఓపాలి అలాగే రేవులో కూకుండిపోయినాది. అన్నం లేదు, ఏటీ లేదు. నాన్నొచ్చి లాగితే రాలేదు. అప్పుడు నాను అక్కలాగ పలికినాను. లేసి వచ్చేసినాది.”

“భయం వేయలేదా?”

“నానే కదా పలికింది, బయమేటి?” అన్నది. “ఒక్కోపాలి నాను పలక్కముందే ఆ గొంతు వచ్చేస్తాది.”

అమ్మకు చెప్పాను. అమ్మ బియ్యం ఏరుతూ తల ఎత్తకుండానే అన్నది: “ఒకదాన్ని నీరు తీసుకుపోనాది. ఇంకోదాన్ని మీ పిన్ని తన సేత్తో తనే పంపేస్తంది. ఇలాగయితే ఈ పిల్ల మనకి మిగలదురా.” ఆ మాటలో రవంత అతిశయోక్తి కూడా లేదని నాకు ఆ సాయంత్రమే తెలిసింది.

ఆ సాయంత్రం కార్నివాల్‌లో జెయింటు వీలు దగ్గర పిన్ని పిల్లను ఒక తొట్టిలో కూర్చోబెట్టి, పక్కన కూర్చోబోయిన మరొక పిల్లను వారించింది. “అక్కడ మనిసి ఉన్నారు,” అన్నది. చక్రం తిప్పేవాడు ఖాళీ చోటును చూశాడు, పిన్ని ముఖం చూశాడు, గొలుసు తగిలించాడు. పిల్ల ఆకాశంలోకి లేచి, దీపాల మధ్య తిరిగి, దిగి వచ్చింది. తిరిగినంతసేపూ తొట్టిలో ఒక అంచుకు ఒదిగే కూర్చున్నది, రెండవవారికి చోటు విడిచినట్లు.

తరువాత అద్దాల మహలుకు వెళ్ళాము. లావుగా చూపే అద్దం ముందు అమ్మ తనను తాను చూసుకుని, “ఇదిగో, మీ నాన్నగారు ఇక్కడున్నారు,” అని నవ్వించబోయింది. చివరి గదిలో రెండు నిలువుటద్దాలను మూలగా కలిపి నిలబెట్టారు. వాటి ముందు నిలిచిన పిల్ల ఇద్దరుగా కనబడింది. పిన్ని అక్కడ ఆగిపోయింది. ముందుకు వంగి, ఒక బొమ్మను, మరొక బొమ్మను మార్చి మార్చి చూసింది. ఆమె పెదవుల మీద నవ్వు వచ్చింది. ఆ రెండేళ్ళలో నేను చూసిన మొదటి నవ్వు.

“ఇద్దరూ బాగున్నారు,” అన్నది.

పిల్ల వెనక్కు తగ్గబోయింది. పిన్ని దాని భుజాలు పట్టి అద్దం ముందే నిలిపింది. వెనుక జనం గొణిగేదాకా అక్కడే ఉన్నాము.

మరునాటి విశ్రాంతి దినాన కొలను గట్టున పిన్ని హుషారుగా ఉన్నది. పులిహోర తిన్నది, ఝాల్‌ముడిలో పచ్చిమిరప ఎక్కువైందని నన్ను కోప్పడింది. లేచే వేళకు పెద్దపిల్లను పిలిచింది. సన్నని గొంతు పలికింది. రెండవ పేరు పిలిచింది. మళ్ళీ ఆ సన్నని గొంతే పలికింది.

నీటిలో నిలిచిన పిల్ల నోటిమీద చేయి పెట్టుకున్నది. తాను పలికినది తనకే తెలియలేదని ఆ కళ్ళు చెప్పాయి. పిన్ని ఏ తేడా కనిపెట్టినట్లు లేదు. తువ్వాలు చాచి, “రండి, రండి, సలేస్తాది,” అన్నది.

కడపటి విశ్రాంతి దినం వారి ప్రయాణానికి ముందునాడు వచ్చింది. ఆ ఉదయం నేను తలుపు దగ్గర చెప్పులు తొడుగుకుంటూంటే పిల్ల వచ్చి పక్కన నిలిచింది.

“అన్నయ్యా, నా గొంతు ఎలాగుంటాది?”

గొంతులను వర్ణించడానికి కవులు వాడిన ఉపమానాలు ఎన్నో నాకు నోటికి వచ్చు; వాటిలో ఒక్కటీ ఆ పిల్లకు చెప్పదగినది లేదు. “కొంచెం మోటుగా ఉంటుంది,” అన్నాను. “కోపం వచ్చినట్టు.”

ఆ మాటకు అది నిజంగా సంతోషించింది.

కొలను దగ్గర ఆ మధ్యాహ్నం చాలా పొడుగ్గా గడిచింది. దూరాన పందిళ్ళలో ఢాకు డప్పులు మోగుతున్నాయి. నిద్రగన్నేరు ఆకులు ముడుచుకునే వేళకు పిన్ని గట్టు అంచుకు వచ్చి పెద్దపిల్ల పేరు పిలిచింది.

బదులు రాలేదు.

పిల్ల లోతు తక్కువ వైపున, గట్టుకు చేతులు ఆన్చి నిలబడి ఉన్నది. తల్లి ముఖంలోకే చూస్తున్నది. పిన్ని మళ్ళీ పిలిచింది. నీరు కదలలేదు. మూడవసారి ఇంకా గట్టిగా పిలిచింది. అమ్మ నా పక్కన లేచి నిలబడింది, కానీ ముందుకు అడుగు వేయలేదు. పిల్ల పెదవులు అదురుతున్నాయి. ఆ సన్నని గొంతు దాని నోటి వెనుకే ఉన్నదనీ, అది పళ్ళు బిగించి ఆపుకుంటున్నదనీ నాకు స్పష్టంగా తెలుస్తున్నది.

కావలివాడు గేటు మూయడానికి తాళాల గుత్తితో వచ్చి, మమ్మల్ని లేవమన్నాడు. “దీదీ, ఏబార్ ఉఠూన్. గేట్ బంద్ హోబే.”

“ఉండు దాదా,” అని పిన్ని వెనుదిరగకుండానే అన్నది. “ఒకర్తి పలకాల.”

“అమ్మా, రెండో పేరు పిలు,” అన్నది పిల్ల.

“అక్క వంతవ్వలేదే.”

“అక్క పలకదమ్మా. ఒక్కపాలీ పలకలేదు. నానే పలికినాను.”

పిన్ని నీటి మీదనుంచి చూపు మరల్చకుండానే మాట్లాడింది. మెల్లగా, ఎవరినీ నిందించకుండా. “నాకు తెల్దనుకున్నావేటే? మొదటిరోజే తెలుసు. తెలిసే పిలిసినాను. ఆ గొంతు ఇంకెక్కడ ఇంటానే నాను?”

“మరి నాదో?”

“నీదేటి?”

“నా గొంతు. నువ్వు ఇనవు. నాకే మర్సిపోతంది.”

ఆ మాటకు పిన్ని కళ్ళు మొదటిసారిగా నీటి మీదనుంచి పిల్ల మీదకు మరలాయి. చలికి నీలమెక్కిన పెదవులను చూసింది. గట్టును పట్టుకుని ముడతలు పడిన వేళ్ళను చూసింది. చీర కుచ్చిళ్ళు కూడా ఎత్తి పట్టకుండా మెట్లు దిగి నీటిలోకి నడిచింది. కావలివాడు కంగారుగా ముందుకు రాబోతే అమ్మ చేయి చాచి ఆపింది. పిన్ని పిల్ల ఎదుట నిలిచి, ఆ రెండవ పేరును, దూరాన ఉన్నవారిని పిలిచినట్లు కాక, ఎదుట ఉన్నవారిని పిలిచినట్లు పిలిచింది.

పిల్ల గొంతు సవరించుకున్నది. “ఉన్నానమ్మా,” అన్నది, మోటుగా.

అలా వారిద్దరూ నీటినుంచి పైకి వచ్చారు. ఇక మేము వెళ్ళాలి. పిలిచిన పేరు ఒకటి బదులు లేకుండా ఆ నీటి మీద ఉండనే ఉన్నది. మా ఇంటి ఆడవారు అంతవరకు ఎన్నడూ చేయని పని, తెలిసి తెలిసి దానికి వీపు చూపడం. పిన్ని కాళ్ళు గట్టుకు అంటుకుపోయినట్లున్నాయి.

“నువ్వు పద,” అన్నది అమ్మ. “నాను ఎనక నడుస్తాను. దానికేసి సూస్తూనే వస్తాను.”

అన్నట్లే మా అమ్మ, తన భారీ శరీరంతో, గేటు దాకా వెనుకకు వెనుకకు అడుగులు వేస్తూ వచ్చింది. నేను చేయి ఆసరా ఇచ్చాను. చీకటి పడుతున్న ఆ నీటిలో ఆమె ఏమి చూసిందో నేను ఎన్నడూ అడుగలేదు, ఆమె చెప్పలేదు. గేటు మూసిన చప్పుడు వినపడ్డాకనే ఆమె ముఖం రోడ్డు వైపు తిప్పింది. ఆ తరువాత చాలా ఏళ్ళు నేను ఆ పట్టణంలోనే ఉన్నాను. సాయంకాలం ఆ దారిన పోవలసి వస్తే, అడుగు తడబడకుండా పోయిన రోజు లేదు.

ఇంటి దారిలో పిన్ని తడిచీర కాళ్ళకు చుట్టుకుంటూ ఉన్నది. కొంతదూరం నడిచి ఆగి, “ఇంకోపాలి పలుకే,” అన్నది. పిల్ల పలికింది. మళ్ళీ కొంతదూరం నడిచి, మళ్ళీ పిలిచింది. ప్రతిసారీ తల ఒక పక్కకు వంచి వినేది. మొదట ఆమె ముఖంలో గుర్తుపట్టిన జాడ ఏదీ నాకు కనబడలేదు; పరాయి ఊరిలో తెలియని భాష వింటున్న మనిషిలా ఉన్నది. పిల్లకు విసుగు పుట్టలేదు. పిలిచినప్పుడల్లా పలికింది.

ఖరిదా బజారు మలుపులో, పందిరి దీపాల వెలుగు మా మీద పడిన చోట, ఇంకొకసారి పిలిచి, విని, పిన్ని కనుబొమలు ముడిచింది. వంగి పిల్ల మెడ మీద చేయి వేసి చూసింది.

“నీ గొంతు బరువెక్కినాదే,” అన్నది. “జలుబు సేసినట్టుంది.”