ఒక్క చెయ్యి ఎక్కువ

నేను కొట్లో పుట్టి పెరిగినవాణ్ణి. నడక నేర్చుకున్నది బియ్యం బస్తాల మధ్య సందులోనే. ఎదుటివాడి ముఖం చూసి బేరం ఎక్కడ ఆపాలో చెప్పగలనని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే, జూలూరుపాడు దాటాక అడవి అంచున ఉన్న మా ఊరి సంతను దాదాపు చంపేశాను.

మా సంత మంగళవారం. దాన్ని ఆదివారానికి మార్చాలని వర్తక సంఘంలో కొందరం పట్టుబట్టాం. గనుల్లో పనిచేసేవాళ్లకు ఆ రోజు సెలవు, ఇంటిల్లిపాదీ వస్తారని ఆశ. చేతులెత్తిస్తే సరిసమానంగా తేలేలా ఉంది. అందుకని ముందురోజే స్టీలు సామాను కొట్టాయన దగ్గరికి వెళ్లాను. నా కొట్టు ముందున్న వేపచెట్టు నీడ మీద ఆయనకు ఎప్పటినుంచో కన్ను.

"నీడ నీకిస్తా, చెయ్యి నాకియ్యి" అన్నాను. ఇచ్చాడు. ఒక్క చెయ్యి ఎక్కువతో గెలిచాం. ఓడినవాళ్లు ఏదో చెప్పబోతే, "అయిపోయింది గద, ఇంకేంది?" అని నోరు మూయించింది కూడా నేనే.

ఒక్క చెయ్యి ఎక్కువైతే చాలా, అందరినీ ఒప్పించాలా? ప్రైవేటుగా డిగ్రీ కట్టినప్పుడు రాజనీతిశాస్త్రం పేపర్లో దాదాపు ఇదే ప్రశ్న వచ్చింది. పార్లమెంటు నడిచే దారులు రెండట. ఒకచోట ఎక్కువ సీట్లు వచ్చిన పార్టీదే మొత్తం పెత్తనం. మిగతావాళ్లు ఎదుటి బెంచీల్లో కూర్చుని వచ్చే ఎన్నికల దాకా అరుచుకోవచ్చు. బ్రిటన్‌ది ఆ దారి. ఇంకోచోట ఎన్ని ఓట్లకు అన్ని సీట్లు. ఏ ఒక్కరికీ మెజారిటీ రాదు కనుక నాలుగైదు పార్టీలు కలిసి మంత్రివర్గం కట్టాలి, ప్రతిదానికీ ఒకరినొకరు ఒప్పించుకోవాలి. బెల్జియం లాంటి దేశాలది ఈ దారి. మొదటిదే మేలని రాశాను. పని జల్దీ అవుతుంది, చెడితే ఎవరిని తిట్టాలో తెలుస్తుంది. పాసయ్యాను.

మొదటి ఆదివారం గనుల జనం బాగానే వచ్చారు. అడవి ఊళ్ల ఆడవాళ్లే రాలేదు. చింతపండు లేదు, తేనె లేదు, కొండచీపుర్లు లేవు. మూడో ఆదివారానికి గనులవాళ్లూ మానేశారు. "నీ ఉల్లిగడ్డల కోసం ఇంత దూరం రావాల్నా?" అని ఒకామె నా ముఖం మీదే అడిగింది.

అప్పుడు వెలిగింది. వాగు అవతలి ఊళ్లో సంత ఆదివారమే. అడవి ఊళ్లవాళ్లు రోజుకో సంత చొప్పున వారమంతా తిరుగుతారు; ఆ వరస వాళ్ల కాళ్లకే తెలుసు. మేము కొనేవాళ్ల సెలవు చూశాం గానీ అమ్మేవాళ్ల వారం చూడలేదు. ఎత్తడానికి వాళ్లకు మా సంఘంలో చెయ్యే లేదు. మరి ఆ మెజారిటీ ఎవరిలో మెజారిటీ?

అయినా బుద్ధి రాలేదు. బండేసుకుని కోయ గూడేనికి బేరానికి పోయాను. గూడెం పెద్ద మా నాన్న కాలం నుంచి మా కొట్టుకు వచ్చే మనిషి. అందరినీ కూర్చోబెట్టాడు. ఆదివారం వస్తే నీడ ఇస్తాం, నీళ్లు పెడతాం అన్నాను. వాళ్ల భాషలో చాలాసేపు మాట్లాడుకున్నారు. తలలు ఊగాయి. చివర కూర్చున్న ఒక ముసలామె తల మాత్రం ఊగలేదు.

"అవ్వ ఒప్పుకుంటలేదు" అన్నాడు పెద్ద.

"మిగిలినోళ్లంత ఒప్పుకున్నరు గద పెద్దయ్యా. ఒక్కామె కోసం ఆగుతరా?"

"ఆగుతం. ఆమె గూడ ఈ ఊరామెనే గద, షావుకారి."

అలవాటు కొద్దీ అవ్వ పక్కకు జరిగాను. "నీకు ఉప్పు ప్యాకెట్ ఊరికెనే ఇస్తా, అవ్వా" అని గొణిగాను. ఆమె అందరికీ వినబడేలా నవ్వింది.

"నా బిడ్డను వాగవతలికి ఇచ్చిన. వారానికొక్కపాలి ఆదివారం సంతలనే కలుస్తం. అది మాట్లాడతది, నేను వింట. నీ ఉప్పు మాట్లాడతదా?"

గూడెమంతా నవ్వింది. ఊగిన తలలు ఆగిపోయాయి. ఒకరికి చెల్లెలు గుర్తొచ్చింది, ఒకరికి మేనత్త. పొద్దు వాలేసరికి ఆదివారం వద్దని తేలింది, ఒక్క చెయ్యీ లేవకుండానే.

"మంగళవారమైతే?" అన్నాను.

"మంగళవారం మేమెన్నడు రామన్నం?" అన్నాడు పెద్ద.

తిరిగొచ్చేసరికి స్టీలు సామాను కొట్టాయన సిద్ధంగా ఉన్నాడు. "మంగళవారానికి చెయ్యి తిప్పుతా. ఈసారి ఏమిస్తవ్?" నాకు సిగ్గేసింది, ఏమివ్వొచ్చో ఒక నిమిషం ఆలోచించాకే అనుకోండి. ఒక్క చెయ్యితో తెచ్చుకున్నది ఒక్క చెయ్యితోనే పోతుంది. ఈసారి లెక్కపెట్టేది లేదని, వద్దనే మనిషి మిగిలినంతకాలం కూర్చుంటానని సంఘంలో చెప్పాను.

"గిట్లనే నడిస్తే పార్లమెంటుల ఒక్క బిల్లు గూడ పాస్ కాదు" అన్నారు. నిజమే. అందరూ ఒప్పుకోవాలంటే చివరి మనిషి ధర పెంచుతాడు. నాకు తెలియదా, బతుకంతా ఆ చివరి మనిషిని నేనే. కానీ అతను ఎదురుగా కూర్చుని ధర చెబుతాడు. మేము గెలిచినప్పుడు ధర చెప్పే చోటు కూడా లేనివాళ్లు ఏమీ అనలేదు, రావడం మానేశారు.

ఒక్కొక్కరూ మంగళవారానికి ఒప్పుకున్నారు. మిగిలింది బట్టల కొట్టాయన. రోజూ పొద్దున్నే వెళ్లి ఆయన కొట్లో పరుపు మీద కూర్చున్నాను.

"మళ్లొచ్చినవా?"

"వచ్చినన్నా. చాయ్ చెప్పు."

ఎన్ని చాయ్‌లయ్యాయో గానీ, ఒకనాడు అసలు సంగతి కక్కాడు. ఆయనకు కావలసింది ఆదివారం కాదు, గనుల జనం. మంగళవారం వాళ్లు షిఫ్టు దిగి వచ్చేసరికి అడవి ఊళ్ల ఆడవాళ్లు సర్దుకుని వెళ్లిపోయి ఉంటారు, నడిచిపోవాలి కదా.

"చీకటి పడేలోపు ఆటోల దింపితే సాయంత్రం దాక ఉంటరు. ఆటో కిరాయి నువ్వు పెట్టు, నేను వద్దనను."

"నేనెందుకన్నా?"

"సంతను చెడగొట్టిందెవరు?"

కిరాయి నేనే పెడతానన్నాను. మళ్లీ గూడేనికి పోయాను. ఈసారి నేరుగా అవ్వ ఎదురుగా కూర్చుని చెప్పాను.

"ఇంటిదాక దింపుతవా?"

"అవ్, ఇంటిదాక."

"మరి ఉప్పు ప్యాకెట్?"

"అదెందుకవ్వా?"

"ఆనాడు ఇస్తనన్నవు గద."

ఇచ్చాను. అందరి ముందు.

మంగళవారం ఆమె వచ్చి చింతపండు బుట్టను తిన్నగా వేపచెట్టు నీడలో దింపింది. ఆ నీడ తనదని స్టీలు సామాను కొట్టాయన నా వైపు ఉరిమి చూశాడు.

"ఇద్దరు కూసోని తేల్చుకోండి" అన్నాను. "చేతులెత్తేది మాత్రం లేదు."