ఎడమవైపు కోరపన్ను

కాలేజీలో ఆవిడని అందరూ మైనం మేడమ్ అనేవాళ్లు. కట్టుడు పళ్లు తయారుచేసే పని నేర్పే ప్రైవేటు కాలేజీ అది. ముందు మైనంతో పలువరస చెక్కాలి, అది నోటికి కుదిరాకే అసలు పళ్ల పని మొదలవుతుంది. ఆ చెక్కడం నేర్పేది మైనం మేడమ్. చెయ్యి మంచిది, మనిషీ మంచిదే. కాకపోతే ఒక్క మనిషి విషయంలో మాత్రం ఆవిడ కడుపులో ఎప్పుడూ కుంపటి రాజుకుంటూనే ఉండేది. ఆ మనిషి ఆవిడ సొంత ఆడపడుచు.

ఆడపడుచు పలువరస బాగుంటుంది. ఇదీ ఒక విషయమేనా అని మీకనిపిస్తే, అలాంటి పలువరస పక్కన మీరెప్పుడూ పెళ్లి ఫొటోకి నిలబడలేదన్నమాట. మైనం మేడమ్ నిలబడింది. ఆవిడకి ఎడమవైపు కోరపన్ను కొంచెం లోపలికి తిరిగి ఉంటుంది. ఫొటోగ్రాఫర్ నవ్వమన్నప్పుడు పెళ్లికూతురు మూతి బిగించుకుంది, పెళ్లికొడుకు చెల్లెలు పళ్లన్నీ కనబడేలా నవ్వింది. ఇంటికొచ్చినవాళ్లు ఆ ఫొటో చూసి "ఈ అమ్మాయెవరండీ, ఎంత బాగుంది నవ్వు!" అంటారు తప్ప పెళ్లికూతురి ఊసెత్తరు. అప్పట్నుంచీ ఆడపడుచు నవ్వినప్పుడల్లా మైనం మేడమ్ చూపు ఆ పళ్ల మీదికే పోయేది. అన్నం దగ్గరా, బస్సులోనూ, టీవీ ముందూ, చూడకూడదు అనుకుంటూనే చూసేది.

ఇంతా చేసి ఆ పిల్లకి పని నేర్పిందీ ఈవిడే, కాలేజీలో పెట్టించిందీ ఈవిడే. "నా చెల్లెలు నీకు పరాయిదా?" అని మొగుడు రోజూ చెవిలో జోరీగలా పోరితే పడలేక ఒప్పుకుంది. ఏడాది తిరక్కుండానే పిల్లలు ఆడపడుచుని అక్కా అని పిలవడం మొదలుపెట్టారు. ఈవిడ మాత్రం మేడమ్‌గానే ఉండిపోయింది. టీ కొట్టు దగ్గర అక్క చుట్టూ ఒకటే నవ్వులు. మేడమ్ కనబడితే అందరూ చటుక్కున లేచి నిలబడేవాళ్లు. నిలబడటం మర్యాదే, కాదనలేం. కానీ ఒక్కళ్లూ మీరూ కూర్చోండి అనేవాళ్లు కాదు. అది ఆవిడకి ముల్లులా గుచ్చుకునేది.

కాలేజీ యజమాని సంగతి కూడా చెప్పాలి. ముందువైపంతా అద్దాలు బిగించాడు, ఆరుబయట నిలువెత్తు బోర్డు పెట్టించాడు. చెక్కడానికి నమూనా పళ్ల సెట్టు ఒక్కటి కొనండి మహానుభావా అని మైనం మేడమ్ అడిగినప్పుడల్లా "మీ నోట్లో లేవా మేడమ్ పళ్లు? అద్దంలో చూసుకోండి" అని పళ్లికిలించేవాడు. ల్యాబు గోడకి ఒక అద్దం మాత్రం తగిలించాడు. ఆవిడ ఆ అద్దంలో చూసుకుంటూ చెక్కేది. ఆవిడ చెక్కింది చూసి ఆడపడుచు చెక్కేది. ఆ ఇద్దర్నీ చూసి పిల్లలు చెక్కేవాళ్లు.

ఒక సోమవారం పొద్దున్న ఆ మహానుభావుడు బోర్డు తిప్పేశాడు. గేటుకి గొలుసు, గొలుసుకి తాళం, పక్కన 'అనివార్య కారణాల వల్ల' అంటూ ఒక కాగితం. యజమాని ఫోను మూగబోయింది. జీతాలు అందక నెలలైన టీచర్లు ఒకపక్క, ఫీజులన్నీ ముందే కట్టేసిన పిల్లలు ఇంకోపక్క, అందరూ తెల్లకోట్లతో రోడ్డు మీద. చివరి ఏడాది చదివే పొట్టిజడ పిల్ల ఫుట్‌పాత్ మీద కూలబడి ఏడుస్తోంది.

"లోపల మా మైనం పళ్లున్నాయి మేడమ్. కరెంటు తీసేశారట. ఈ ఎండకి అవి కరిగిపోతే ఇంకో కాలేజీకి ఏం పట్టుకెళ్లి చూపించాలి?"

మాట నిజమే. రికార్డులన్నీ యజమానితోపాటే మాయం. ఆ పిల్లలు పని నేర్చుకున్నారనడానికి సాక్ష్యం ఆ పలువరసలే. మైనం మేడమ్ వాచ్‌మన్ దగ్గరికెళ్లి, స్టాఫుగా తనకి లోపలికెళ్లే హక్కుందని గట్టిగానే చెప్పింది. అతను ఆకాశంలోకి చూశాడు. తర్వాత ఆడపడుచు వెళ్లింది.

"బాబాయ్, పిన్ని మోకాలు ఎలా ఉంది?"

"ఏం చెప్పమంటావు తల్లీ, అలాగే ఉంది."

"పిల్లలు ఎవరి పని వాళ్లు తెచ్చుకుంటారు బాబాయ్. ఒక్క కుర్చీ కదిలినా నన్నడుగు."

తాళంచెవి వచ్చింది. పిల్లలు "అక్కా!" అంటూ ఆడపడుచు చేతులు పట్టుకున్నారు. పలువరసలు దక్కినందుకు సంతోషించాల్సింది పోయి మైనం మేడమ్‌కి ఒళ్లు మండిపోయింది. ఆ పిన్నికి మోకాలి నొప్పి ఉందని తనకెందుకు తెలియలేదు?

ఊరవతల ఇంకో కాలేజీ ఉంది. పని చూసి నచ్చితే చివరి ఏడాది పిల్లల్ని అదే ఏడాదిలో చేర్చుకుంటామని, టీచరు ఉద్యోగం కూడా ఒకటి ఖాళీగా ఉందని అక్కణ్నుంచి కబురొచ్చింది. ఫోను ఎవరికొచ్చిందో వేరే చెప్పాలా? వాళ్లు ఆడపడుచుకే చేశారు. సరే, ఉద్యోగం నాకూ కావాలి కదా అని మైనం మేడమ్ కూడా బయల్దేరింది. టిఫిన్ డబ్బాల్లో చన్నీళ్లు పోసుకుని, వాటిలో మైనం పళ్లు పెట్టుకుని, డబ్బాలు ఒళ్లో పసిపిల్లల్లా పట్టుకుని అందరూ బస్సెక్కారు.

కొత్త కాలేజీ ప్రిన్సిపాల్ పలువరసలన్నీ బల్ల మీద పేర్పించాడు. కళ్లజోడు సర్దుకుని ఆ చివర్నుంచి ఈ చివరికి చూసుకుంటూ వచ్చాడు. సగంలో ఆగాడు. వెనక్కెళ్లి మళ్లీ మొదట్నుంచి చూశాడు.

"చెక్కడం శుభ్రంగా ఉంది. కానీ ఎడమ కోరపన్ను ప్రతి దానికీ లోపలికి తిరిగిందేమిటి? ఒకళ్లిద్దరికైతే చెయ్యి జారిందనుకుంటాను. అందరికీ జారిందా? అసలు ఎవరు నేర్పారు మీకు?"

 మైనం మేడమ్ నాలుక దానంతటదే వెళ్లి ఎడమవైపు కోరపన్నుని తడిమింది. ఇన్నేళ్లుగా తన నోటినే అందరి నోళ్లలోకీ ఎక్కిస్తోందన్నమాట! పిల్లల మొహాలు పాలిపోయాయి.

"నేనే సార్," అంది ఆడపడుచు ముందుకొచ్చి. "తప్పు నాదే. పిల్లల్ని ఏమీ అనకండి."

పిల్లలందరూ ఆమెని దేవతని చూసినట్టు చూశారు. పొట్టిజడ పిల్ల కళ్లనిండా నీళ్లు. ఆ చూపులు చూసేసరికి మైనం మేడమ్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. పళ్లు ఆడపడుచువే బాగున్నాయి. పిల్లలు తన పిల్లలే అయ్యారు. వాచ్‌మన్ కూడా తన బాబాయే. చివరికి నేను చేసిన తప్పు కూడా తనదేనా? దీనికో మెప్పు కూడానా?

"ఆవిడది కాదు సార్, ఆ పన్ను నాది," అంది మైనం మేడమ్ గది అదిరేలా. అని ఊరుకోలేదు. పెళ్లినాడు కూడా చూపించని పళ్లని, పెదవి వేలితో పైకెత్తి మరీ చూపించింది. "చూడండి. నమూనా కొనకపోతే అద్దంలో ఇది చూసి నేర్పాను. ఆవిడకీ నేనే నేర్పాను."

ప్రిన్సిపాల్ ఒకసారి నోట్లోకి, ఒకసారి బల్ల మీదికి చూసి, కష్టపడి నవ్వు ఆపుకున్నాడు. తరగతులు మొదలయ్యేలోగా ఆ పన్ను సరిగ్గా చెక్కి తెస్తే పిల్లల్ని చివరి ఏడాదిలోనే చేర్చుకుంటానన్నాడు. తేలేకపోతే మళ్లీ మొదట్నుంచి చదవాల్సిందే. ఉద్యోగం మాత్రం చిన్నావిడకి ఇస్తానని, ఆ చెయ్యి ఇంకా మారే వయసులో ఉందని, అయితే ఆవిడ కూడా పన్ను చెక్కి చూపించాలని చెప్పాడు.

మర్నాటి నుంచి ఇంట్లో భోజనాల బల్ల ల్యాబు అయిపోయింది. పిల్లలు వరండా నిండా కూర్చుని చెక్కుతున్నారు. ఆడపడుచు అద్దంలో తన చక్కటి పన్నే చూసుకుంటూ చెక్కుతోంది. అయినా చివరికొచ్చేసరికి కోరపన్ను లోపలికే తిరుగుతోంది. మళ్లీ చెక్కితే మళ్లీ అంతే.

"కళ్లు చూస్తూనే ఉన్నాయి వదినా, చెయ్యి మాట వినట్లేదు. ఎలా చెక్కినా నీ పన్నే వస్తోంది."

ఆ మాట మైనం మేడమ్ చెవుల్లో తేనె పోసింది. ఎంత అక్కవైతే ఏం, నీ చేతిలో ఉన్నది నేనే కదే అనుకుంది. వంటింట్లోకెళ్లి గిన్నెలు సర్దుకుంటూ, ఇలాగే నాలుగు రోజులు గడిస్తే ఆ ఉద్యోగం ఆడపడుచుకి దక్కదు కదా అని కూడా అనుకుంది. అనుకుని చాలాసేపు ఆ ఆలోచనని చప్పరించింది. ఇంతలో వరండాలోంచి పొట్టిజడ పిల్ల గొంతు వినబడింది.

"మొదటి ఏడాదిలో మళ్లీ వేస్తే మా ఇంట్లో ఇంక చదివించరక్కా. ఇంతటితో సరి."

మైనం మేడమ్ చేతులు తుడుచుకుని బయటికొచ్చింది. పిల్లలు లేచి నిలబడ్డారు. "కూర్చోండర్రా," అని, బల్ల మీది అద్దాన్ని బోర్లించి, మైనం ముక్కొకటి తీసుకుంది.

"నోరు తెరవనా వదినా? చూసి చెక్కుతావా?"

"అక్కర్లేదు."

ఆవిడ ఎటూ చూడలేదు. కత్తి ఎక్కడా ఆగలేదు. పిల్లలు ఒక్కొక్కళ్లే వచ్చి చుట్టూ చేరారు. ఎడమవైపు కోరపన్ను నిటారుగా, పక్క పన్నుతో ఒద్దికగా లేచింది. చివర్లో ఆవిడ కత్తి మొనతో ఆ పన్ను అంచున ఆవగింజంత ముక్క ఎగరగొట్టింది.

ఆడపడుచు దాన్ని అందుకుని, అద్దం తిప్పి తన నోటి పక్కన పెట్టి చూసుకుంది. పెదవి పైకెత్తి మళ్లీ చూసుకుంది.

"వదినా, నా పన్ను మొన ఇక్కడ కాస్త విరిగిందా? నాకే తెలీదే! నీకెలా తెలుసు?"

"నీకెలా తెలుస్తుందే," అంది మైనం మేడమ్. "నవ్వేది నువ్వు, చూసేది నేనూ."

ఆడపడుచు మొహంలో నవ్వు ఆగిపోయింది. మైనం మేడమ్ ఆ పలువరస తీసి పొట్టిజడ పిల్ల చేతిలో పెట్టింది.

"ఇది చూసి చెక్కండి. ఆ విరిగిన మొన మాత్రం ఎవరూ చెక్కకండి. అది మీ అక్క ఒక్కదానిదే."