చేతికి చుట్టుకున్న నార

మా పిన్ని ఎవరినీ ఊరికే వదిలిపెట్టే రకం కాదు. ఒకసారి పక్కింటావిడ వాకిలి కడిగిన మురికినీళ్ళను కావాలనే పిన్ని ఆరేసిన చీర మీదికి చిమ్మింది. పిన్ని ఆ చీర మళ్ళీ ఉతికి ఆరేసుకుంది. వారం తిరక్కముందే మా నార షెడ్డు నుంచి పచ్చి అరటి డొప్పలు మోసుకొచ్చి, రెండిళ్ళ మధ్య గోడ మీద వరసగా పరిచింది. వాటి నీళ్ళు అవతల ఆరేసిన తెల్ల దుప్పట్ల మీద చుక్కలు చుక్కలుగా కారాయి. అరటి కర మరక అంటిన గుడ్డ ఇక మసిగుడ్డ కిందికే పనికొస్తుంది. పక్కింటావిడ లబోదిబోమంటే, “అయ్యో, చూసుకోలేదు వదినా” అని తాపీగా తలుపు వేసుకుంది. చీర కోసమే ఇంత చేసిన మనిషి, మొగుడి పరువు తీసినవాణ్ణి ఏం చేస్తుందో మీరే ఊహించుకోండి. ఆ పరువు తీసినవాడు మా నాన్న.

మా నాన్నది అరటి నార తీసే షెడ్డు. గెల కోసేశాక తోటల్లో పనికిరాకుండా పడి ఉండే బోదెలను బండ్ల మీద తెప్పించి, డొప్పలుగా విడదీసి, మిషన్‌లో పెట్టి నార తీయిస్తాడు. ఆ నారను కడిగి, తీగల మీద ఆరేసి, మేకుల పలక మీద దువ్వి, కట్టలు కడతాం. కొంత తాళ్ళకూ చాపలకూ పోతుంది. మంచి రకమంతా అట్టల ఫ్యాక్టరీకి పోతుంది. వాళ్ళు దాన్ని వేడిగా అదిమి కార్ల తలుపుల లోపలి పలకలు చేస్తారు. ప్లాస్టిక్ బదులు నార వాడుతున్నామని గొప్పగా చెప్పుకుంటారు, తప్పేం లేదు. ఆ నార ఎలా వస్తుందో మాత్రం కారులో కూర్చున్నవాళ్ళకు అక్కర్లేదు.

మిషన్ అంటే పెద్ద మాయేమీ కాదు. గిర్రున తిరిగే ఇనుప డ్రమ్ము, దాని చుట్టూ బ్లేడ్లు, ముందు ఒక నోరు. డొప్పను సగం దాకా లోపలికి తోసి వెనక్కి లాగితే గుజ్జంతా రాలిపోయి నార మిగులుతుంది. అప్పుడు తిప్పి, ఆ నార పట్టుకుని మిగతా సగం తోయాలి. చిక్కంతా ఈ రెండో సగంలోనే ఉంది. తడి నార చేతిలో నిలవదు, జారిపోతుంది. అందుకని దాన్ని ఒక పొట్టి కర్రకు చుట్టి, కర్రను పట్టుకోవాలి. డ్రమ్ము లాక్కుంటే కర్ర వదిలేస్తాం. కర్ర పోతుంది, చెయ్యి మిగులుతుంది.

కర్రకు చుట్టడం, విప్పడం, మళ్ళీ చుట్టడం ఆలస్యం. మా నాన్నకు ఆలస్యమంటే ఒళ్ళుమంట. నారను పిడికిలికే చుట్టేసుకుని లాగడం షెడ్డులో మొదలుపెట్టింది ఆయనే, అందరికీ నేర్పిందీ ఆయనే. కర్ర పట్టుకున్నవాణ్ణి చూస్తే, “ఏరా, ముసలాడివయ్యావా చేతికర్ర పట్టావు” అని నలుగురిలో నవ్వేవాడు. దాంతో అందరూ చేతికే చుట్టుకునేవాళ్ళు.

బాబాయి మా నాన్నకు సొంత తమ్ముడు, ఆ మిషన్ మీద పనివాడు. ఒకరోజు ఉదయం డ్రమ్ము నారతో పాటు ఆయన పిడికిలినీ లాక్కుంది. కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. విచారణకు వచ్చిన ఆఫీసరుతో మా నాన్న కళ్ళు తుడుచుకుంటూ చెప్పాడు, తమ్ముడు పొద్దున్నే తాగి వచ్చాడనీ, తను వద్దంటున్నా వినకుండా మిషన్ దగ్గరికి వెళ్ళాడనీ. నిజం చెబితే షెడ్డుకు తాళం పడుతుంది మరి. బాబాయి పెళ్ళికి ముందు తాగేవాడన్నది నిజమే. పెళ్ళయ్యాక ఆ వైపు తొంగిచూడలేదు. అయినా నిప్పు లేందే పొగ రాదనేవాళ్ళకు అంతకంటే ఏం కావాలి? చేతికే చుట్టుకుని పనిచేసే తోటివాళ్ళు కూడా కుక్కిన పేనుల్లా ఊరుకున్నారు.

ఆసుపత్రి నుంచి వచ్చాక బాబాయి, చూడడానికి వచ్చిన ఒకరిద్దరితో తాను తాగలేదని చెప్పాడు. వాళ్ళు జాలిగా తలూపారు. ఆ తలూపడం చూశాక ఇక ఎవరికీ చెప్పలేదు. వసారాలో కూర్చుని, నార కొసను కాలి వేళ్ళ మధ్య బిగించి, ఎడమచేత్తో తాడు పేనడం నేర్చుకున్నాడు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. మొదట్లో పిన్ని కూడా నమ్మింది. సొంత అన్న తమ్ముడి మీద అబద్ధం చెబుతాడని ఆవిడకు తట్టలేదు. సాయంత్రం చొక్కా గుండీలు విప్పే నెపంతో ఆయన ముఖానికి దగ్గరగా వంగి నోటి వాసన చూడడం నేను నా కళ్ళతో చూశాను. బాబాయి గోడవైపు చూస్తూ, ఆవిడ వాసన చూడడం అయ్యేదాకా అలాగే ఆగేవాడు. నేను అక్కడ ఉండలేక బయటికి వచ్చేశాను.

ఇల్లు గడవాలి కదా, పిన్ని షెడ్డులో చేరింది. మా నాన్న ఔదార్యం చూపించి బాబాయి మిషన్ మీదే పెట్టాడు. ఆవిడ కర్ర తీసుకుని మెల్లగా నేర్చుకుంటోంది. ఒక మధ్యాహ్నం నాన్న అటుగా వచ్చి, నిలబడి చూసి, విసుక్కున్నాడు.

“ఏంటమ్మా ఈ నత్తనడక? కర్ర పడేసి చేతికి చుట్టుకో. అందరూ అట్లాగే చేస్తారు, మీ ఆయన కూడా అట్లాగే చేసేవాడు.”

అనేసి వెళ్ళిపోయాడు. తానేం అన్నాడో కూడా ఆయనకు తెలియదు. పక్కనే నార దువ్వుతున్న నాకు తెలిసింది. పిన్ని డ్రమ్ము వైపే చూస్తూ నిలబడింది. మొగుడి చెయ్యి పోయింది తాగుడు వల్ల కాదు, ఈ అలవాటు వల్లేనని ఆవిడకు అప్పుడు తెలిసింది. తర్వాత కర్రకు నార చుట్టుకుని పని మొదలుపెట్టింది.

మర్నాటి నుంచి మా నాన్నకు ఆవిడంత అణకువ గల మనిషి మరొకరు లేరు. బావగారూ అంటే బావగారూ. ఆయన వస్తే లేచి నిలబడడం, ఆయన జోకులకు నవ్వడం, ఆయన మిషన్ నడిపిన రోజుల గొప్పలు మళ్ళీ మళ్ళీ అడిగి చెప్పించుకోవడం. నాన్న పొంగిపోయేవాడు. నివురుగప్పిన నిప్పు ఎలా ఉంటుందో పుస్తకాల్లో చదవక్కర్లేదు, మా షెడ్డుకు వస్తే సరిపోయేది. నాకూ నాన్న మీద కోపమే. చిన్నప్పుడు నన్ను భుజాల మీద తిప్పింది నాన్న కాదు, బాబాయి. ఉండబట్టలేక ఒకరోజు పిన్నిని నిలదీశాను, అందరి ముందూ కడిగెయ్యకుండా ఎందుకిలా వేషాలేస్తున్నావని.

“అరిస్తే ఏమౌతుంది?” అంది పిన్ని. “కాదంటాడు. అందరూ ఆయన మాటే నమ్ముతారు. అది ఆయన నోటితోనే రావాలి.”

అలా ఏళ్ళు గడిచాయి. అదును చూసి కొట్టడం గురించి అందరూ మాట్లాడతారు గానీ, అదును కోసం అన్నేళ్ళు నవ్వుతూ కాచుకోవడం ఎంత కష్టమో నేను చూశాను. పిన్ని జుట్టు నెరిసింది. రాత్రుళ్ళు పళ్ళు కొరుకుతుందని బాబాయి ఒకసారి నాతో అన్నాడు.

అప్పుడు అట్టల ఫ్యాక్టరీ వాళ్ళు షెడ్డు చూడడానికి వచ్చారు. ఒక ఆవిడ, ఒక ఆయన. సరుకు ఎలా తయారవుతుందో, పనివాళ్ళకు ప్రమాదం లేకుండా ఉందో లేదో తామే చూసి, ఆపైన పెద్ద ఆర్డరు ఇస్తామన్నారు. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు నడిచాడు. నీళ్ళ తొట్లు చూపించాడు, ఆరేసిన నార చూపించాడు. మిషన్ దగ్గరికి వచ్చేసరికి, ఇక్కడ ఎప్పుడైనా ప్రమాదం జరిగిందా అని ఆవిడ అడిగింది. జరిగిందండీ, మా తమ్ముడికే, తాగి వచ్చాడు పాపం, అన్నాడు నాన్న. పిన్ని అక్కడే ఉంది. ఆవిడ ముందే అన్నాడు.

పిన్ని నవ్వింది. వచ్చినవాళ్ళతో, ఈ మిషన్ మీద మా బావగారంత చెయ్యి తిరిగినవాళ్ళు ఎవరూ లేరండీ అంది. తర్వాత ఆయన వైపు తిరిగి, “మీరే ఒక డొప్ప తీసి చూపించండి బావగారూ” అంది.

నాన్న మొహమాటపడినట్టు నటించి చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. డొప్ప అందించింది పిన్నే. పొద్దున్నుంచీ పక్కన తీసిపెట్టుకున్న డొప్ప అది. వెడల్పుది, మందంది, నిలువుగా చీల్చకుండా ఉంచింది. అలాంటిది డ్రమ్ముకు దొరికితే వదలదు. నేను చూశాను, నోరు మెదపలేదు.

మొదటి సగం నాన్న చక్కగా లాగాడు. తెల్లటి నార చూసి వచ్చినవాళ్ళు బాగుందన్నారు. ఆ మెప్పుతో ఆయన డొప్ప తిప్పాడు. మిషన్ గట్టు మీద, చేతికందే చోట, కర్ర ఉంది. ఆయన దానివైపు చూడను కూడా లేదు. పాత అలవాటు కొద్దీ నారను పిడికిలికి చుట్టుకుని లోపలికి తోశాడు.

డ్రమ్ము పట్టేసుకుంది. ఆ క్షణంలోనే పిన్ని మిషన్ ఆపే ఎర్ర మీట నొక్కింది. అయినా డ్రమ్ము ఆగమనగానే ఆగదు, ఊపు తగ్గేదాకా తిరుగుతుంది. ఆగేసరికి నాన్న పిడికిలి మిషన్ నోటికి ఆనుకుని ఉంది, వేళ్ళ కణుపులు చెక్కుకుపోయాయి, నార మణికట్టును కోసేటంత బిగిసింది. పిన్ని ఒక చేత్తో డొప్పలు చీల్చే కత్తి అందుకుంది. రెండో చెయ్యి మిషన్‌ను మళ్ళీ తిప్పే పచ్చ మీట మీద పెట్టింది.

“కొయ్యమ్మా, తొందరగా కొయ్యి” అన్నాడు నాన్న.

“మా ఆయన ఆ రోజు తాగాడా బావగారూ?”

ఫ్యాక్టరీ ఆయన ముందుకు రాబోయాడు. పిన్ని వేలు మీట మీద కదిలింది, ఆయన ఆగిపోయాడు. నాన్న నా వైపు చూశాడు. నేను దువ్వుతున్న నార పట్టుకుని అక్కడే ఉన్నాను. కదలలేదు. కన్నతండ్రి కదా అని ఎవరైనా అంటే, ఆ చెయ్యి పోయినవాడు నాకు ఎవరని అడుగుతాను.

“తాగలేదు” అన్నాడు నాన్న.

“మరి?”

“నేనే చుట్టుకోమన్నా. తొందరగా అవుతుందని. వాడు కర్ర అడిగాడు, నేనే వద్దన్నా. షెడ్డు మూసేస్తారని అట్లా చెప్పా. తాగలేదమ్మా వాడు, తాగలేదు.”

పనివాళ్ళందరూ విన్నారు. వచ్చినవాళ్ళు విన్నారు. పిన్ని నార కోసింది. నాన్న చెయ్యి పట్టుకుని కింద కూలబడ్డాడు. ఫ్యాక్టరీ ఆవిడ ఆర్డరు మాట ఎత్తకుండా కారు ఎక్కింది. నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఊళ్ళో ఏ నోళ్ళు తాగుబోతన్నాయో ఆ నోళ్ళన్నీ సాయంత్రానికి మూతపడతాయి.

పిన్ని పరుగులాంటి నడకతో ఇంటికి బయలుదేరింది, నేను వెనకే. బాబాయి వసారాలో తాడు పేనుతున్నాడు. పిన్ని మెట్టు మీద నిలబడి, రొప్పుతూ, జరిగిందంతా చెప్పింది. డొప్ప ఎలా ఎంచిందో, ఆయన ఎలా వణికాడో, ఏ మాట తర్వాత ఏ మాట అన్నాడో. అంత సంతోషంగా ఆవిణ్ణి నేనెప్పుడూ చూడలేదు. బాబాయి అంతా విన్నాడు.

“అన్నయ్య చెయ్యి ఉందా?” అని అడిగాడు.

“ఉంది. కావాలంటే పోయేది” అంది పిన్ని. “ఇక మీరు తల ఎత్తుకుని తిరగండి. తాగలేదని అందరికీ తెలిసింది.”

“అందరితో నాకేం పని? వాళ్ళు నా పక్కన పడుకుంటారా?”

పిన్నికి అర్థం కాలేదు. నాకూ కాలేదు. బాబాయి కాలి వేళ్ళ మధ్య నుంచి నార తీసి పక్కన పెట్టాడు. ఆయన గొంతు పెరగలేదు.

“అన్నయ్య అబద్ధం చెప్పింది ఒక్కసారి. నువ్వు రోజూ నా నోటి వాసన చూశావు. ఆయన చేత చెప్పించావు, బానే ఉంది. నన్ను అనుమానించానని నువ్వెప్పుడు చెప్తావు?”

పిన్ని మెట్టు మీదే కూర్చుండిపోయింది. అన్నేళ్ళూ ఆ ఇంట్లో పగపట్టింది ఆవిడ ఒక్కతే అనుకున్నాను. బాబాయి కూడా పగపట్టాడు. అది మా నాన్న మీద కాదు.