చెవి నాది, నోరు మీది

మా ఫోను మీద కొత్తగా చేరినవాళ్లు మూడు నెలలు నోరెత్తకూడదు. ఈ నియమం ఏ కాగితం మీదా లేదు, ఏ గోడకూ అంటించలేదు. అయినా కంపెనీ రాసి పెట్టిన నియమాలన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. దీని మూలంగా ఒక మనిషి కాలు పోయింది. ఇన్నేళ్ల తర్వాత కూడా తలచుకుంటే అరికాలి మంట నెత్తికెక్కుతుంది. నిదానంగా, చల్లగా చెప్పమంటే నా వల్ల కాదు.

మాది లక్సెట్టిపేట. కరీంనగర్‌లో నర్సు చదువు పూర్తి చేసుకుని ఎనభైల మొదట్లో గోదావరి దగ్గర ఒక బొగ్గు బస్తీలో, ఐదో బావి డిస్పెన్సరీలో చేరాను. అక్కడ గనిని బావి అనే అంటారు. డిస్పెన్సరీ అంటే రెండు గదులు. ముందు గదిలో కాంపౌండర్ సాబ్ బల్ల, మందుల బీరువా. వెనక గదిలో కట్లు కట్టే బల్ల, స్ట్రెచర్. మధ్య గోడకు నల్లటి ఫోను. దానికో పిడి ఉండేది, తిప్పితే గంట మోగేది.

ఆ ఫోనుకు బయటి ఊళ్లతో సంబంధం లేదు. బస్తీలో ప్రమాదాలు చూసేవాళ్లందరికీ కలిపి ఒకే తీగ. ఐదు బావుల డిస్పెన్సరీలు, పెద్దాసుపత్రిలో క్యాజువాలిటీ, అంబులెన్సు షెడ్డు, మొత్తం ఏడు ఫోన్లు. ఎక్కడ పిడి తిప్పినా ఏడు చోట్లా మోగేది. ఎవరు ఎత్తినా అందరి మాటలూ వినబడేవి. మా బావి పిలిస్తే ఐదు గంటలు మోగేవి, రెండో బావి పిలిస్తే రెండు. రోజూ పొద్దున ఏడింటికి, మొదటి షిఫ్టువాళ్లు బావిలోకి దిగిపోయాక, అందరూ ఫోను ఎత్తేవారు. క్యాజువాలిటీలో పెద్ద సిస్టర్ ఒక్కో బావినీ పిలిచేది. ఆమె వయసు యాభై దాటింది, అందరికీ పెద్దక్క. పిలిచినవాళ్లు "హాజర్" అనాలి. మంచాలెన్ని ఖాళీ, బండి బాగుందా లేదా, సెలైన్ వచ్చిందా, అన్నీ అప్పుడే తేలిపోయేవి. మధ్యలో చేపల ధర, కూతుళ్ల పెళ్లిళ్లు కూడా తేలేవి, ఆ సంగతి వేరు.

చేరిన మొదటి రోజు నన్ను ఫోను ముందు నిలబెట్టారు. ఏ ఊరు, ఎక్కడ చదివాను, ఎవరి బిడ్డను, అన్నీ చెప్పించారు. చివరికి కాంపౌండర్ సాబ్ చెవిలో చెప్తుంటే నేను అప్పజెప్పాలి. "మూడు నెలలు చెవి నాది, నోరు మీది." ఏడు ఫోన్లలోనూ నవ్వు. నేనూ నవ్వాను. కొత్త కోడలు అత్తింట్లో నవ్వినట్టు నవ్వాను.

ఆ నియమానికి ఒక కారణం చెప్పేవారు, అది అబద్ధమని నేననను. ఎప్పుడో కట్లు కట్టే ఒక కొత్త డ్రెస్సర్ కంగారులో ఒక బావికి బదులు ఇంకో బావి పేరు చెప్పి బండిని తప్పు దారిలో పంపాడట. పైగా ఎక్కువమంది ఒకేసారి మాట్లాడితే ఆ తీగ మీద ఎవరి మాటా అర్థమయ్యేది కాదు. సరే, మంచిదే. తన బావిలో ప్రమాదం జరిగితే కొత్తవాళ్లు కూడా చెప్పొచ్చు. ఇంకే మాటైనా పాతవాళ్లకు చెప్పాలి, పాతవాళ్లు ఫోనులో చెప్తారు. పక్క బావి సంగతిలో వేలు పెడితే మాత్రం టక్కు టక్కుమని అందరూ ఫోను పెట్టేసేవారు. నాకన్నా నెల ముందు చేరిన మూడో బావి డ్రెస్సర్ దూది ఎప్పుడొస్తుందని అడిగినందుకు వారం రోజులు హాజర్‌లో అతని బావిని పిలవలేదు. ప్రాణాలు కాపాడే పనిలో ఉన్నవాళ్లు ఒక మనిషిని వారం రోజులు లేనట్టే చూశారు. దాన్ని మర్యాద నేర్పడం అన్నారు.

నేను చేరిన రెండో నెలలో ముసురు పట్టింది. నాలుగు రోజులు తెరిపి లేదు. ఆ పొద్దున క్వార్టర్ల నుంచి పాత బావి దారిన నడిచి డ్యూటీకి వస్తున్నాను. పాత బావిలో బొగ్గు ఎప్పుడో తీసేశారు, కింద అంతా డొల్ల. పైన భూమి అప్పుడప్పుడు కుంగుతుందని మా బస్తీలో చంటిపిల్లలకు కూడా తెలుసు. ఆ రోజు దారికి అడ్డంగా నెర్రె పడి ఉంది. జానెడు వెడల్పు, ఒక పక్క రోడ్డు మోకాలి లోతు దిగిపోయింది. వాన నీళ్లు నిండి, చూసేవాళ్లకు మామూలు గుంటలాగే కనబడుతోంది. నా గొడుగు కర్ర దించి చూస్తే పిడి దాకా దిగింది. ఆ దారినే మా అంబులెన్సు వెళ్తుంది. మొదటి షిఫ్టువాళ్లు ఎక్కిన లారీ అప్పటికే రైలు గేటు మీదుగా చుట్టు దారిన వెళ్లిపోయింది కాబట్టి ఆ నెర్రెను చూసింది నేనొక్కదాన్నే.

ఏడింటికి హాజర్ మొదలైంది. పెద్దక్క పిలిచింది.

"ఐదో బాయి?"

"హాజర్ పెద్దక్కా. జర ఒక్క మాట. పాత బాయి తొవ్వ మీద..."

"కొత్త బిచ్చగాడు పొద్దెరుగడట. హాజర్ అన్నవు గదా బిడ్డా, ఇగ పెట్టెయ్."

షెడ్డు నుంచి డ్రైవర్ అందుకున్నాడు. "ముందొచ్చిన చెవుల కన్న ఎనకొచ్చిన కొమ్ములు వాడి అక్కా!"

అందరూ నవ్వారు. నేను ఫోను పెట్టేశాను.

కాంపౌండర్ సాబ్ అప్పుడే సైకిలు దిగి లోపలికి వచ్చాడు. ఇరవై ఏళ్ల సర్వీసు, పెద్దమనిషి, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. ఆయనకు చెప్పాను. "సాబ్, పాత బాయి తొవ్వ మీద పెద్ద నెర్రె పడ్డది. నీళ్లు నిండి కనబడ్తలేదు. బండి అటు పోవద్దని పెద్దక్కకు జర చెప్పండ్రి."

"చెప్త తియ్యి. దానికెందుకు పరేషాన్? మందుల పెట్టెలు వచ్చినయి, ముందుగాల అవి సర్దు."

పెట్టెలు సర్దాను. ఆయన పిడి తిప్పడం నేను చూడలేదు, గంట వినబడలేదు. తిప్పలేదని నాకు తెలుసు. ఇంకోసారి గుర్తు చేస్తే పెద్దవాళ్లకు పని నేర్పినట్టవుతుందని ఊరుకున్నాను. సీసాలు వరస తప్పకుండా పెట్టాను. నా మంచి బుద్ధికి మండ!

పదకొండున్నరకు రెండు గంటలు మోగాయి. రెండో బావి. అందరిలాగే నేనూ ఎత్తాను.

"పెద్దక్కా, టింబర్‌మన్ మీద బండ పడ్డది. మోకాలి కింద నుజ్జు అయింది. నెత్తురు ఆగుతలేదు, తొడకు కట్టు బిగించినం. బండి జల్ది పంపుండ్రి."

టింబర్‌మన్ అంటే గని కప్పు కూలకుండా దుంగలు ఆనించేవాడు. తొడకు బిగించిన కట్టు మనిషి ప్రాణాన్ని కాపాడుతుంది. అది ఎక్కువసేపు అలాగే ఉంటే కింద కాలు చచ్చిపోతుంది. ఆ ఏడు ఫోన్ల దగ్గర ఉన్న ప్రతి ఒక్కరికీ ఇది తెలుసు.

డ్రైవర్ అడిగాడు. "అక్కా, ఏ తొవ్వన పోవాలె?"

"గేటు కాడ బొగ్గు రైలు ఆగి ఉంటది. పాత బాయి తొవ్వన పో, దగ్గర."

ఫోను నా చెవి దగ్గరే ఉంది. ఆ మాట స్పష్టంగా విన్నాను. అప్పుడు నేనేం చేశానో చెప్తాను, చదివేవాళ్లు నమ్మకపోయినా సరే. ఫోనును మెల్లగా, చప్పుడు కాకుండా కొక్కేనికి తగిలించి, కాంపౌండర్ సాబ్ కోసం పరుగెత్తాను. మాట్లాడే హక్కు ఉన్న మనిషిని పిలుచుకు రావడానికి!

ఆయన కాంటీన్‌లో ఉన్నాడు. వానలో తడుస్తూ పోయి చెప్పాను. "సాబ్, బండి పాత తొవ్వన పోతున్నది, మీరు చెప్పలేదా?" ఆయన సాసర్లో చాయ్ ఉంది. "అరె, మరిచే పోయిన," అని అది తాగి, గొడుగు వెతుక్కుని, మోకాలి నొప్పితో ఒక్కో అడుగూ వేస్తూ వచ్చాడు. ఆయన వెనక నేను. ముందుకు పరుగెత్తి ఫోను ఎత్తాలని నాకు తోచనేలేదు. ఆయన పిడి తిప్పి, గొంతు సవరించుకుని, "పెద్దక్కా, పాత తొవ్వన నెర్రె పడ్డదట," అన్నాడు.

"అయ్యో, బండి పోయి ఎంతసేపాయె! ఇప్పుడా చెప్పేది?"

బండి ముందు చక్రాలు రెండూ ఇరుసు దాకా దిగిపోయాయి. డ్రైవర్ ముఖం స్టీరింగుకు కొట్టుకుని పెదవి చీలింది. అతను ఆ వానలో రెండో బావికి నడిచి వెళ్లి చెప్పేదాకా అక్కడివాళ్లు దారి చూస్తూ కూర్చున్నారు. చివరికి ఒక బొగ్గు లారీలో స్ట్రెచర్ ఎక్కించి గేటు దారిన తీసుకువెళ్లారు. గేటు దగ్గర రైలు ఆగే ఉంది. సాయంత్రానికి ఆ టింబర్‌మన్ కాలు మోకాలి పైన తీసేశారు. ఒక గంట ముందు వస్తే ప్రయత్నం చేసేవాళ్లమని డాక్టరు అన్నట్టు మర్నాడు హాజర్‌లో పెద్దక్కే చెప్పింది. "ఏం చేస్తం, వాని గీత గట్లున్నది" అని కూడా అంది. గీతట! రోడ్డు మీద ఉన్నది నెర్రె, నుదుటి మీద గీత కాదని అరవాలనిపించింది. నా వంతు వచ్చినప్పుడు "హాజర్" అన్నాను.

మూడో రోజు బండి పాడైనందుకు ఎంక్వయిరీ పెట్టారు. కాలు పోయినందుకు కాదు, బండి పాడైనందుకు. క్యాజువాలిటీ పక్క గదిలో ఒక ఆఫీసరు కూర్చుని, నెర్రె సంగతి ముందే ఎవరికైనా తెలుసా అని అడిగాడు. పెద్దక్క తెలియదంది. డ్రైవర్ వాచిన పెదవితో తెలియదన్నాడు. కాంపౌండర్ సాబ్ కిటికీ వైపు చూస్తూ, "నాకు ఎవ్వలు చెప్పలే సార్," అన్నాడు.

నాకు ఒళ్లంతా మండిపోయింది. ఉన్నదంతా కక్కేశాను. పొద్దున చెప్పబోయానని, పెట్టెయ్యమన్నారని, కాంపౌండర్ సాబ్‌కు చెప్పానని, మూడు నెలల ఆచారం గురించి, దూది అడిగినవాడి గురించి కూడా చెప్పాను. గొంతు ఎంత లేచిందంటే వరండాలో రోగులు లేచి తొంగి చూశారు. ఆఫీసరు అంతా విని ఒక్క ప్రశ్న అడిగాడు.

"అంటే నీకు తెలుసన్నమాట?"

"తెలుసు సార్."

అదొక్కటే రాసుకున్నాడు. కొత్త నర్సుకు తెలిసి కూడా సమాచారం ఇవ్వలేదని వారంలో నాకు కాగితం వచ్చింది. కాంపౌండర్ సాబ్ నన్ను పక్కకు పిలిచి, "నువ్వు చిన్నదానివి, ఒక్క కాగితానికి నీకేం కాదు బిడ్డా," అని భుజం తట్టాడు. ఆ చేతిని విసిరికొట్టాను. అప్పటి నుంచి ఆయన రిటైరయ్యేదాకా ఆయనతో పని మాట తప్ప మాట్లాడలేదు.

కాగితం వచ్చిన రోజే డ్యూటీ దిగి పెద్దాసుపత్రికి వెళ్లాను. ఆ టింబర్‌మన్‌ను చూడటానికని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి నా తరఫున కోపపడే మనిషి ఒకడు కావాలి, అందుకు అతనికన్నా హక్కున్నవాడు ఎవరని వెళ్లాను. అతనికి నలభై ఏళ్లుంటాయి. ఖానాపూర్ దిక్కు నుంచి గనులకు వచ్చినవాడు. దుప్పటి ఒక పక్క పల్చగా పడి ఉంది. భార్య కాళ్ల దగ్గర కూర్చుని బత్తాయి ఒలుస్తోంది. నన్ను నేను చెప్పుకుని, మొదటి నుంచీ అంతా చెప్పాను. వాళ్లందరినీ తిట్టాను. కాగితం తీసి అతని చేతిలో పెట్టాను కూడా.

అతను తిట్టలేదు. కాగితం వంక చూసి అడిగాడు.

"సిస్టరమ్మా, పెట్టెయ్యమన్నది పొద్దుగాల గదా. బండి పోయేటప్పుడు ఎవ్వలు ఆపిండ్రు నిన్ను?"

అతనే మళ్లీ అన్నాడు.

"గా కాంపౌండర్ సాబ్‌కు యాదికి లేకపాయె. పెద్దక్కకు తెల్వకపాయె. నీకు తెలుసు, యాదికి కూడా ఉన్నది. ఫోను నీ చేతులనే ఉండె."

భార్య ఒలవడం ఆపి నా ముఖం వంక చూసింది. చెప్పడానికి ఆచారం ఉంది, మూడు నెలలు ఉన్నాయి, అందరూ ఫోను పెట్టేస్తారన్న భయం ఉంది. ఆ దుప్పటి ముందు ఒక్కటీ నిలవలేదు. ఆ రోజు నేను మాట్లాడి ఉంటే వాళ్లు చేయగలిగింది వారం రోజులు నా బావిని పిలవకపోవడమే.

"ఎవ్వలు ఆపలే అన్నా," అన్నాను.

అతను తల ఊపి కాగితం మడిచి నా చేతికిచ్చాడు.