కరెంటు తగ్గించే అడాప్టర్

గవర్నర్‌పేటలో రేడియోలు బాగుచేసే ఇష్తియాక్ తన కుర్చీలో ఇంకొకరిని కూర్చోనివ్వడు. 2003లో, హైదరాబాదులో పీహెచ్‌డీ చేస్తున్న కూతురు సనోబర్ సెలవులకొచ్చి కొట్లో నిలబడి ఉండగా, హనుమాన్ జంక్షన్‌లో టీ హోటల్ నడిపే బాలశౌరి ట్రాన్సిస్టరుకు అడాప్టర్ కొనడానికొచ్చాడు.

“మా అమ్మాయి కూడా అడాప్టర్ల మీదే పీహెచ్‌డీ చేస్తోందండీ,” అన్నాడు ఇష్తియాక్.

బాలశౌరి నవ్వాడు. “వీటికి పీహెచ్‌డీ దేనికండీ?”

సనోబర్ సిగ్గుతో తల దించుకుంది. తను చదివే అడాప్టర్లు ఒంట్లో ఉండే ప్రోటీన్లని నాన్నకు ఫోన్లో ఎన్నోసార్లు చెప్పింది.

ఇష్తియాక్‌కు చిర్రెత్తుకొచ్చింది. “ఇది లేకుండా మీ ట్రాన్సిస్టర్‌ని ప్లగ్గులో పెడితే కాలిపోద్దా లేదా? మన ఒంట్లో రోగాలతో పోట్లాడే కణాలూ అంతేనంట. క్రిమి తగలగానే వాటిలో కరెంటు పెరిగిపోద్ది. దాన్ని తగ్గించే ప్రోటీన్ లేకపోతే అవి మన ఒంటినే కాల్చేస్తాయి. ఆ ప్రోటీన్ పేరూ అడాప్టరే.”

సనోబర్ తలెత్తింది. అందులో ఆమె దిద్దాల్సిన మాటేమీ లేదు.

“ఆ రకం ఎక్కడ దొరుకుద్దండీ?” అన్నాడు బాలశౌరి, ఈసారి నవ్వకుండా.

“నా దగ్గర లేదండీ. మా అమ్మాయిని అడగండి,” అంటూ ఇష్తియాక్ లేచి, తన కుర్చీని కూతురి వైపు జరిపాడు.